వెనక పేజీలు

పాప ఎన్నిసార్లు వెళ్ళిందో
ఇంట్లో అందరికీ తెలుసు.
పసుపా, ఆకుపచ్చా, ఆవగింజల్లాంటి పలుకులున్నాయా
మా అత్త మేడ మీంచి అరిచి మరీ అడుగుతుంది.
పక్కింటి పోలమ్మగారు గోడకి గెడ్డం ఆనించి వింటుంది.
మావయ్య పేపరు దించకుండానే
"సాఫీగా అయిందిలే" అని ఊపిరి వదుల్తాడు.

ఆ లెక్కంతా నోట్‌బుక్కులో
మొదటి పేజీ నుంచి రాస్తాను.
నాది వెనక నుంచి,
పెన్సిల్‌తో.

కాన్పయ్యి పదకొండో వారం.
మొన్న ఆరు. నిన్న ఎనిమిది.
ఒకసారి, ఎర్రటి దారప్పోగులాంటిది.
రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను.

"ఓలమ్మా, బాలింత కడుపు అలగే ఉంటాది"
అని శొంఠీ వామూ దంచి ముద్ద పెట్టింది అత్త.
పాలు పడతాయని హార్బరు నుంచి
పాలసొర తెప్పించి పుట్టు వండింది.
తిన్న పావుగంటకి కడుపులో
మల్కాపురం సందులో లారీ వెనక్కి తిరిగినట్టు.
పాప అప్పుడే రొమ్ము పట్టుకుంటుంది.
దాన్ని అలాగే ఎత్తుకుని
పళ్ళు బిగించి దొడ్లోకి పరిగెత్తిన రోజులున్నాయి.
ఇది నోట్‌బుక్కులో కూడా రాయలేదు.

కేజీహెచ్ డౌన్లో డాక్టరమ్మ
కుట్లు చూసింది, బీపీ చూసింది,
నిద్ర పడుతోందా అంది.
అన్నిటికీ బాగుందన్నాను.
గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి
చెప్పులకేసి చూస్తూ చెప్పాను.
మూసిన పెన్ను మూత మళ్ళీ తీసింది.

డబ్బా చిన్నది, కుంకుమ భరిణెంత.
మూతకే ఒక చెంచా.
పాప టోపీకీ పాలగుడ్డలకీ మధ్య దాన్ని దాచి ఆటో ఎక్కాను.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఆగింది.
"ఏటీ కంపు?" అన్నాడు డ్రైవరు.
నా గుండె జారింది.
"గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి కొడతంది" అని
తనే జవాబు చెప్పుకున్నాడు.

ల్యాబులో కుర్రాడు కిటికీలోంచి అరిచాడు:
"కోరాడ నూకరత్నం! స్టూలు!"
ముప్ఫై తలలు తిరిగాయి.
ఒక ముసలాయన గబగబా లేచి
తను కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు నా వైపు జరిపాడు:
"కూకో తల్లీ, పచ్చి బాలింతవి."
కూర్చున్నాను.
నవ్వు వచ్చింది, ఎంతకీ ఆగలేదు.
కళ్ళలోంచి కూడా వచ్చింది.

యాభై లోపు ఉండాలట.
నాది నూట తొంభై.
"భయపడాల్సింది కాదు,
వదిలెయ్యాల్సిందీ కాదు" అంది డాక్టరమ్మ.
ఆరు వారాలాగి మళ్ళీ ఇవ్వాలి.
తగ్గకపోతే కెమెరా.
ఈ రెండు మాటల మధ్య
మనిషి ఎక్కడ పడుకోవాలో చెప్పలేదు.

దాలినాయుడికి నైట్ షిఫ్టు.
కిటికీలో రిఫైనరీ మంట
ఒకసారి ఎగుస్తుంది, ఒకసారి తగ్గుతుంది.
ఎక్కువైతే మంచిదో, తక్కువైతే మంచిదో
ఇన్నేళ్ళుగా చూస్తున్నా నాకు తెలీదు.
ఫోన్లో ఆ నూట తొంభైని
పెద్దది చేసి చూస్తాను. చిన్నది చేసి చూస్తాను.

తెల్లారుజామున నాలుగింటికి
దొడ్లో లైటు వేసి ఉండగా
తలుపవతల గాజుల చప్పుడు.
"ఎన్నోసారి?" అంది అత్త.
పాప గురించి అడిగే గొంతే.
కానీ పాప నిద్రపోతోంది.

మూడు అన్నాను.
"రంగు?"
చెప్పాను.

చాలాసేపు ఏమీ అనలేదు.
తరవాత, "నీ మొగుడు పుట్టినప్పుడు నాకూ..." అని
ఆపేసి
కుళాయి తిప్పింది.
బకెట్టు నిండే చప్పుడులో
మిగతాది ఏమైనా చెప్పిందేమో వినపడలేదు.

ఇంకా ఇరవై మూడు రోజులు.